పెరుగు ధరలు – కదలని పన్ను గీతలు

గ్రామ పంచాయతీ సభ్యులు ఒకప్పుడు ఇంటి పన్ను, నీటి తీరువ, భూమి శిస్తులను గురించి మాత్రమే ప్రజలకు సమాధానము చెప్పవలసి యుండెడిది. నేడు పరిస్థితి మారినది. తణుకు పరిసరములలోని దువ్వ, వేల్పూరు వంటి గ్రామములలో వరి పండించు రైతుతోపాటు ఉపాధ్యాయుడు, బ్యాంకు ఉద్యోగి, రైస్ మిల్లు యజమాని, లారీ యజమాని, పింఛను పొందు వృద్ధుడు కూడ నివసించుచున్నారు. ఒకే ఇంటిలో తండ్రికి సేద్యము, కుమారునికి ఉద్యోగము ఉండుట సామాన్యము. జాతీయ రహదారి ప్రక్కన ఇంటి స్థలము అమ్మినవారికి ఆదాయపు పన్ను శాఖ లెక్కలతో పని పడుచున్నది. కనుక ఆదాయపు పన్ను పట్టణవాసులకే సంబంధించినదని గ్రామ ప్రతినిధులు ఇక భావింపరాదు.

పన్ను ఎక్కువయా, తక్కువయా అను చర్చ ఎల్లప్పుడు ఉండునదే. దాని కంటె సూక్ష్మమైన విషయ మొకటి కలదు. శాసనసభలో గాని, పార్లమెంటులో గాని ఎవ్వరును పన్ను పెంపునకు ఓటు వేయకుండగనే, ధరలు పెరిగిన కారణము చేతనే పన్ను భారము పెరుగుటకు అవకాశము కలదు. అట్లే, ఎవ్వరును తగ్గింపునకు ఓటు వేయకుండగనే పంచాయతీ రాబడి క్షీణించుటకును అవకాశము కలదు. రెండింటికిని మూలము ఒక్కటే: చట్టములో వ్రాసిన రూపాయల అంకె నిలిచియుండుట, రూపాయి విలువ మాత్రము తగ్గిపోవుట. ఈ సంగతిని తెలిసికొన్న సభ్యుడు పన్నుల న్యాయమును గురించి స్వయముగా నిర్ణయించుకొనగలడు.

పన్ను శ్రేణి అనగా నేమి?

డెల్టా రైతుకు శ్రేణిని వివరించుట సులభము. కాలువ నుండి వచ్చిన నీరు మొదటి మడి నిండిన పిదప రెండవ మడికి, అది నిండిన పిదప మూడవ మడికి పారును. ఆదాయము కూడ అట్లే శ్రేణులలో నిండును. మొదటి మడిలోని ఆదాయముపై పన్ను లేదు. రెండవ మడిలోనికి పారిన భాగముపై స్వల్పమైన రేటు, మూడవ దానిపై అంతకంటె ఎక్కువ రేటు వేయబడును. గట్టు దాటిన భాగమునకే హెచ్చు రేటు వర్తించును గాని మొత్తము ఆదాయమునకు కాదు. శ్రేణి దాటినచో సంపాదన అంతయు పన్నుకు పోవునను అపోహ గ్రామములలో విరివిగా కలదు. అది సరి కాదు.

2025-26 ఆర్థిక సంవత్సరమునకు కొత్త పన్ను విధానము ప్రకారము 4 లక్షల రూపాయల వరకు పన్ను లేదు. 4 నుండి 8 లక్షల వరకు నూటికి 5, 8 నుండి 12 లక్షల వరకు 10, 12 నుండి 16 లక్షల వరకు 15, 16 నుండి 20 లక్షల వరకు 20, 20 నుండి 24 లక్షల వరకు 25, ఆపైన 30 వంతున పన్ను నిర్ణయింపబడినది. పన్ను విధింపదగిన ఆదాయము 12 లక్షలకు మించనివారికి గరిష్ఠముగా 60,000 రూపాయల రాయితీ ఇచ్చుటచే వారికి పన్ను లేకుండ పోయినది. పాత విధానమును ఎన్నుకొన్నవారికి, 60 ఏండ్ల లోపు వారైనచో, 2 లక్షల 50 వేల వరకు పన్ను లేదు. 5 లక్షల వరకు నూటికి 5, 10 లక్షల వరకు 20, ఆపైన 30 వంతున పన్ను కలదు. నికర ఆదాయము 5 లక్షలకు మించనివారికి ఈ విధానములోను రాయితీ వలన పన్ను ఉండదు.

హెచ్చు ఆదాయము గలవాడు హెచ్చు వంతు చెల్లించుట శ్రేణి పద్ధతిలోని న్యాయము. పది ఎకరముల వానికిని అర ఎకరము వానికిని భారము ఒక్కటిగా ఉండరాదను భావమే దీనికి పునాది. గట్టులు సరియైన చోట ఉన్నంత వరకే ఈ న్యాయము నిలుచును.

ధరలు పెరిగినపుడు మూడు విధముల పన్నులు

ధరలు పెరిగినపుడు అన్ని పన్నులును ఒకే విధముగా ప్రవర్తింపవు. వాటిని మూడు తరగతులుగా విభజింపవచ్చును.

మొదటిది, ధరపై నూటికింత అని వేయు పన్ను. వస్తు సేవల పన్ను ఈ తరగతికి చెందినది. సిమెంటు బస్తా ధర పెరిగినచో దానిపై పన్ను అదే నిష్పత్తిలో పెరుగును. కొనువాని భారములో పన్ను వంతు మారదు.

రెండవది, రూపాయలలో స్థిరముగా నిర్ణయించిన పన్ను. ఎకరమునకు ఇంత అని వేయు నీటి తీరువ, నెలకు ఇంత అని వేయు వృత్తి పన్ను ఇట్టివి. ధరలు పెరిగినకొలది ఈ పన్ను నిజ విలువ తరిగిపోవును. చెల్లించువానికి ఇది సుఖముగా తోచును. కాని ఆ రాబడితో కాలువల పూడిక తీయవలసిన సంస్థకు కష్టము కలుగును.

మూడవది, శ్రేణులతో కూడిన ఆదాయపు పన్ను. ఇక్కడ రేట్లు శాతములలోను, గట్టులు రూపాయలలోను ఉండును. ధరలతోపాటు జీతము పెరిగినపుడు, జీతగాని కొనుగోలు శక్తి ఏమాత్రము పెరగకున్నను, అతడు పై శ్రేణిలోనికి నెట్టబడును. అతని పన్ను జీతము కంటె వేగముగా పెరుగును. ఈ మూడవ తరగతిలోని అన్యాయము కంటికి కనబడదు; అందుచేతనే దానిని వివరముగా పరిశీలింపవలెను.

ధాన్యపు బస్తాలతో కొలిచినచో

పాత విధానములో 2 లక్షల 50 వేల రూపాయల గీత 2014-15లో నిర్ణయింపబడినది. 2025-26లోను ఆ విధానములో అదే అంకె కలదు. దీనిని రూపాయలలో గాక ధాన్యములో కొలిచి చూతము. 2014-15లో సాధారణ రకము ధాన్యమునకు కేంద్రము ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 1,360 రూపాయలు. అనగా 75 కిలోల బస్తా 1,020 రూపాయలు. ఆ లెక్కను 2 లక్షల 50 వేలు 245 బస్తాల విలువ. 2025-26లో మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. బస్తా సుమారు 1,777 రూపాయలు. ఇప్పుడా 2 లక్షల 50 వేలు సుమారు 141 బస్తాల విలువ మాత్రమే. గీత చెరపకుండగనే, తిరిగి గీయకుండగనే 245 నుండి 141కి దిగివచ్చినది.

ధాన్యపు ధర ఒక్కటే జీవన వ్యయమునకు కొలమానము కాదనుట నిజమే. మందులు, చదువులు, ఇంటి అద్దెలు వేరువేరు విధముల పెరుగును. అయినను దిశ ఏదో ఈ లెక్క స్పష్టముగా చూపుచున్నది.

ఇక ఒక జీతగాని ఉదాహరణ తీసికొందము. 2019-20లో ఒక ఉద్యోగికి మినహాయింపులు పోను పన్ను విధింపదగిన ఆదాయము 5 లక్షలు. రాయితీ వలన అతనికి పన్ను లేదు. ఆ సంవత్సరమునకు ఆదాయపు పన్ను శాఖ ప్రకటించిన వ్యయ ద్రవ్యోల్బణ సూచిక 289. 2025-26కు అది 376. ఆ సూచిక పెరిగినంత మేరకే అతని ఆదాయము పెరిగినదనుకొన్నచో అది సుమారు 6 లక్షల 50 వేలగును. అతడు ధనికుడు కాలేదు. నాడు కొన్న బియ్యము, బట్టలే నేడును కొనగలడు. కాని పాత విధానము ప్రకారము అతని పన్ను 5 లక్షల వరకు 12,500, తరువాతి లక్షా 50 వేలపై 30,000, వెరసి 42,500 రూపాయలు. 4 శాతము సెస్సుతో 44,200 రూపాయలు. పార్లమెంటు రేటు పెంచలేదు. అతని స్థితి బాగుపడలేదు. పన్ను మాత్రము సున్న నుండి 44,200కు చేరినది.

అదే ఉద్యోగి కొత్త విధానమును ఎన్నుకొన్నచో 2025-26లో అతడు పన్ను చెల్లింపనక్కరలేదు. 2014-15 నాటి సూచిక 240. 2 లక్షల 50 వేలను 240 నుండి 376కు పెంచి లెక్కించినచో సుమారు 3 లక్షల 92 వేలు వచ్చును. కొత్త విధానములో మొదటి గట్టు 4 లక్షలు. అనగా 2025లో ప్రభుత్వము చేసిన సవరణ, ఈ సూచిక ప్రకారము, పదునొకండు సంవత్సరములలో దిగిపోయిన గీతను తిరిగి పాత మట్టమునకు తెచ్చినది. అట్లే 30 శాతము రేటు ప్రారంభమగు గట్టు 2012-13 నుండి పాత విధానములో 10 లక్షల వద్దనే ఉన్నది. సూచిక ప్రకారము అది 18 లక్షల 80 వేలు కావలసినది. కొత్త విధానములో 24 లక్షలుగా నిర్ణయింపబడినది. ఈ సవరణ హర్షింపదగినదే. కాని మధ్య సంవత్సరములలో ఎక్కువగా చెల్లించినవారికి ఆ మొత్తము తిరిగి రాదు. రేపు ధరలు పెరిగినపుడు ఈ గట్టులు మరల ఎప్పుడు సవరింపబడునో చెప్పు నియమము కూడ చట్టములో లేదు.

డెల్టా రైతుకు ఇది కొత్త విషయము కాదు

ధరలకు పన్నును ముడివేయుట నేటి ఆలోచన యనుకొనరాదు. గోదావరి డెల్టాలో ఇది తాతల కాలము నాటి తగవు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప ఈ ప్రాంతపు భూములు మాగాణులైనవి. మద్రాసు ప్రభుత్వము రైత్వారీ పద్ధతిలో శిస్తు నిర్ణయించునపుడు, పంట ఫలసాయమును అంచనా వేసి, కొన్ని సంవత్సరముల సగటు ధరతో దానిని రూపాయలలోనికి మార్చి, సేద్యపు ఖర్చులు తీసివేసి, మిగిలిన నికరములో సగమును ప్రభుత్వ భాగముగా నిర్ణయించెడిది. ముప్పది ఏండ్లకొకమారు ధరలను పరిశీలించి శిస్తును సవరించెడిది. ఇది ఒక విధమైన ధరల ముడియే.

దానిలోని లోపము 1920ల చివర బయల్పడినది. ధరలు పెరిగినవను కారణముతో గోదావరి, కృష్ణా డెల్టాలలో రూపాయికి మూడు అణాలు, అనగా నూటికి 18¾ వంతున శిస్తు పెంచుటకు ప్రభుత్వము పూనుకొన్నది. రైతులు తీవ్రముగా ప్రతిఘటించిరి. ఇంతలో 1929లో ప్రపంచ ఆర్థిక మాంద్యము వచ్చి ధాన్యపు ధరలు కూలినవి. ధరలు పెరిగినపుడు పెరుగు శిస్తు, ధరలు పడిపోయినపుడు దానంతట అది తగ్గలేదు. ఈ అనుభవము ఒక సూత్రమును నేర్పుచున్నది: ముడి రెండు వైపులను పనిచేయవలెను, ముప్పది ఏండ్లకు గాక ఏటేట పనిచేయవలెను, ఏ సూచికను అనుసరించునో ముందుగా అందరికిని తెలియవలెను.

మరియొక పాఠము 1962 నాటిది. ఆ సంవత్సరము ఆంధ్రప్రదేశ్ శాసనసభ భూమి శిస్తుపై అదనపు శిస్తు విధించుటకు చట్టము చేసినది. భూసారము, ఫలసాయములతో సంబంధము లేకుండ కనీస రేటు విధించుట సమానత్వ సూత్రమునకు విరుద్ధమని హైకోర్టు దానిని కొట్టివేసెను. 1967లో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించెను. చెల్లింపు శక్తితో పొంతన లేని పన్ను న్యాయస్థానములలో నిలువదని దీనివలన తేటతెల్లమైనది.

ఆదాయపు పన్ను చరిత్రలో కూడ గీతను కదల్చిన సందర్భములు కలవు. 1860లో ఈ పన్ను మన దేశమున మొదటిసారి విధింపబడినపుడు ఏడాదికి 200 రూపాయలకు లోబడిన ఆదాయమును విడిచిపెట్టిరి. 1886 చట్టములో ఆ గీత 500, 1903లో 1,000, 1919లో 2,000 రూపాయలైనది. భూమి శిస్తు చెల్లించు రైతుపై రెండవ భారము వేయరాదను ఉద్దేశముతో 1886 చట్టము వ్యవసాయాదాయమును మినహాయించినది. ఆ మినహాయింపు తరువాతి చట్టములలోను నిలిచినది.

ఇతర దేశములలో

గీతలను ధరల సూచికకు చట్టపూర్వకముగా ముడివేసిన దేశములు కలవు. కెనడా 1974 నుండి ఈ పద్ధతిని ప్రవేశపెట్టినది. అమెరికా 1981లో చట్టము చేసి 1985 నుండి అమలుపరచినది. బ్రిటనులో 1977లో జెఫ్ రూకర్, ఆడ్రీ వైజ్ అను ఇరువురు పార్లమెంటు సభ్యులు ప్రతిపాదించిన సవరణ ఆమోదింపబడినది. అప్పటి నుండి ధరలతోపాటు గీత పెరుగుట అచ్చట సామాన్య నియమమైనది. పెంచరాదని తలచినచో ప్రభుత్వము ఆ సంగతి పార్లమెంటు ఎదుట బాహాటముగా చెప్పి అనుమతి పొందవలెను. 2021 ఏప్రిల్‌లో ఆ దేశము పన్ను లేని గీతను 12,570 పౌండ్ల వద్ద నిలిపివేసినపుడు అది ప్రజలలో పెద్ద చర్చకు కారణమైనది. గీతను నిలిపివేయుట కూడ పన్ను పెంపేనని అచ్చటి ప్రజలు గ్రహించిరి. ముడివేయుట వలని ప్రధాన లాభమిదియే: పెంపు చాటుగా గాక వెలుగులో జరుగును.

స్థలము అమ్మినపుడు

మన చట్టములో ధరల సూచిక అసలే లేదనుకొనరాదు. ఆస్తి అమ్మకపు లాభముపై పన్ను లెక్కించుటకు వ్యయ ద్రవ్యోల్బణ సూచికను ఎంతో కాలము నుండి వాడుచున్నారు. ప్రస్తుత సూచికకు 2001-02 సంవత్సరము ఆధారము. ఆ ఏటి అంకె 100. ధరల పెరుగుదలలో ముప్పాతిక వంతును మాత్రమే ఈ సూచిక లెక్కలోనికి తీసికొనును.

2024 జూలై 23 నుండి ఈ పద్ధతిలో మార్పు వచ్చినది. ఆ తేదీకి ముందు కొన్న భూమిని గాని భవనమును గాని ఆ తేదీ నుండి అమ్మిన భారత నివాసులైన వ్యక్తులకును, హిందూ అవిభక్త కుటుంబములకును రెండు లెక్కలు కలవు. ఒకటి, సూచిక లేకుండ లాభముపై 12½ శాతము. రెండవది, సూచికతో కొనుగోలు ధరను పెంచి మిగిలిన లాభముపై 20 శాతము. రెండింటిలో తక్కువయైన పన్ను చెల్లించిన చాలును. ఆ తేదీన గాని తరువాత గాని కొన్న ఆస్తికి సూచిక వర్తింపదు, 12½ శాతమే.

ఒకరు 2012-13లో 10 లక్షలకు ఇంటి స్థలము కొని 2025-26లో 20 లక్షలకు అమ్మిరనుకొందము. మొదటి లెక్కలో లాభము 10 లక్షలు. పన్ను 1,25,000 రూపాయలు. రెండవ లెక్కలో, సూచిక 200 నుండి 376కు పెరిగినది గనుక, కొనుగోలు ధర 18 లక్షల 80 వేలగును; లాభము 1 లక్షా 20 వేలు; పన్ను 24,000 రూపాయలు. సెస్సు వేరు. ఆ స్థలమే 50 లక్షలకు అమ్ముడైనచో మొదటి లెక్కలో 5,00,000, రెండవ లెక్కలో 6,24,000 రూపాయలగును. అనగా ధర విశేషముగా పెరిగిన చోట మొదటి లెక్క, సామాన్యముగా పెరిగిన చోట రెండవ లెక్క లాభకరము. ఈ భేదము తెలియక లక్ష రూపాయలు అదనముగా చెల్లించు ప్రమాదము కలదు. కొత్త విధానములోని 12 లక్షల రాయితీ ఇట్టి లాభముపై పన్నుకు వర్తింపదని కూడ గుర్తుంచుకొనవలెను.

గ్రామీణ వ్యవసాయ భూమి అమ్మకముపై ఈ పన్ను లేదు. అయితే ఏది గ్రామీణ భూమి? 10,000 మొదలు లక్ష వరకు జనాభా గల పురపాలక సంఘమునకు 2 కిలోమీటర్ల లోపు, లక్ష నుండి 10 లక్షల వరకు 6 కిలోమీటర్ల లోపు, ఆపైన 8 కిలోమీటర్ల లోపు ఉన్న భూమి, సేద్యములో ఉన్నను, పన్నుకు లోబడును. దూరము రోడ్డు వెంబడి కాక సరళరేఖలో కొలువబడును. 2011 జనాభా లెక్కలలో తణుకు పట్టణ జనాభా లక్షకు లోపు; కనుక ఇక్కడ 2 కిలోమీటర్ల నియమము వర్తించును. పట్టణపు హద్దులు పెరిగినచో ఈ గీత కూడ పొలములలోనికి జరుగును. పట్టణమునకు చేరువనున్న పంచాయతీల సభ్యులు ఈ విషయమును రైతులకు ముందుగా ఎరుకపరచుట మేలు.

సేద్యమును, ఉద్యోగమును కలిసి ఉన్నవారు

వ్యవసాయాదాయముపై పన్ను వేయు అధికారము రాజ్యాంగము ప్రకారము రాష్ట్రములది. కేంద్రపు ఆదాయపు పన్ను దానిని తాకదు. కాని కె. ఎన్. రాజ్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1972లో చేసిన సిఫారసు ననుసరించి, 1973 నుండి ఒక పద్ధతి అమలులోనికి వచ్చినది. ఇతర ఆదాయము గలవారికి రేటు నిర్ణయించునపుడు మాత్రము వ్యవసాయాదాయమును కలిపి చూతురు. దీని ఉద్దేశము న్యాయమైనదే: 14 లక్షల జీతము మాత్రమే గలవాని కంటె, ఆ జీతముతోపాటు 3 లక్షల సేద్యపు రాబడి గలవాని చెల్లింపు శక్తి ఎక్కువ.

2025-26 రేట్లతో 14 లక్షల నికర ఆదాయముపై పన్ను 90,000 రూపాయలు. 3 లక్షల సేద్యపు రాబడి ఉన్నచో 17 లక్షలపై పన్ను 1,40,000 లెక్కించి, సేద్యపు 3 లక్షలు, గీత 4 లక్షలు కలిపి 7 లక్షలపై పన్ను 15,000 తీసివేయుదురు. 1,25,000 రూపాయలు మిగులును. ఇచ్చట గమనింపవలసినది మరియొకటి కలదు. నికర వ్యవసాయాదాయము 5,000 రూపాయలు మించినంతనే ఈ పద్ధతి వర్తించును. 2025-26 మద్దతు ధరలో 5,000 రూపాయలు మూడు బస్తాల ధాన్యము కూడ కాదు. ధరలతో కదలని గీత ఎంత అర్థరహితమగునో చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

పంచాయతీ వైపు నుండి చూచినచో

ఇంత వరకు చెల్లించువాని పక్షమును చూచితిమి. వసూలు చేయువాని పక్షము కూడ చూడవలెను. 1988 నాటి నీటి తీరువ చట్టపు రేట్లు 1996లో సవరింపబడినపుడు ప్రధాన కాలువల క్రింద మొదటి వరి పంటకు ఎకరమునకు 200 రూపాయలుగా నిర్ణయింపబడినది. ఆ ఏటి మద్దతు ధర క్వింటాలుకు 380 రూపాయలు. కనుక తీరువ సుమారు 53 కిలోల ధాన్యము విలువ. 2025-26 ధరలో 200 రూపాయలు సుమారు 8½ కిలోల ధాన్యమునకు మించవు. కాలువ పూడిక తీయు కూలి మాత్రము నేటి ధరలోనే చెల్లింపవలెను.

వృత్తి పన్ను స్థితియు నిట్టిదే. రాజ్యాంగము 1950లో దీనికి ఏడాదికి 250 రూపాయల పరిమితి విధించినది. 1988లో 60వ సవరణ దానిని 2,500 రూపాయలకు పెంచినది. ఆ ఏట క్వింటాలు ధాన్యపు మద్దతు ధర 160 రూపాయలు; 2,500 రూపాయలు ఇరువది బస్తాలకు పైబడిన విలువ. 2025-26లో అది బస్తాన్నర విలువ కూడ కాదు. మన రాష్ట్రములో 2013లో నిర్ణయించిన శ్రేణుల ప్రకారము నెలకు 15,000 వరకు జీతము గలవారికి పన్ను లేదు. 20,000 వరకు నెలకు 150, ఆపైన 200 రూపాయలు. నెలకు 21,000 వచ్చు గుమాస్తాయు, రెండు లక్షలు వచ్చు అధికారియు ఒకే మొత్తము చెల్లించుచున్నారు. పై వానికి భారము లేదు, క్రింది వానికి ఊరట లేదు.

1994 నాటి పంచాయతీరాజ్ చట్టము క్రింద ఇంటి పన్ను పంచాయతీ స్వంత రాబడి. ఇండ్ల విలువలను కాలానుగుణముగా సవరింపనిచో ఈ రాబడియు అట్లే కరిగిపోవును. చాల ఏండ్లు ఊరకుండి ఒక్కసారి రెండింతలు చేయుట కంటె, ఏటేట కొద్దికొద్దిగా, తెలిసిన నియమము ప్రకారము పెంచుట ప్రజలకు భరింపదగినది. ఆదాయపు పన్నులో చెల్లించువాని కొరకు మనము కోరు న్యాయమును, ఇంటి పన్నులో పంచాయతీ కొరకు అంగీకరించుట సమంజసము.

ముడివేయుటకు అభ్యంతరములు

గీతలను సూచికకు ముడివేయరాదనువారి వాదములును బలహీనమైనవి కావు. ఆదాయపు పన్ను రాబడిలో రాష్ట్రములకు భాగము కలదు. 2021-26 కాలమునకు 15వ ఆర్థిక సంఘము పంచదగిన కేంద్రపు పన్నులలో 41 శాతమును రాష్ట్రములకు సిఫారసు చేసినది. గీత పెరిగినపుడు తగ్గు రాబడిలో రాష్ట్రపు వంతు, దాని వెంట గ్రామమునకు వచ్చు నిధులపై ప్రభావము ఉండక తప్పదు. గ్రామములలో ఎక్కువమంది ఆదాయపు పన్ను చెల్లించువారు కారు. వారికి రోడ్డు, మంచినీరు, ఆసుపత్రి ముఖ్యములు. యుద్ధము, తుపాను వంటి సమయములలో ప్రభుత్వమునకు స్వేచ్ఛ ఉండవలెననుట కూడ సమంజసమే.

వీటికి సమాధానము బ్రిటనులో చూచిన పద్ధతిలోనే కలదు. ముడి సామాన్య నియమముగా ఉండవలెను. అవసరమైనపుడు దానిని నిలిపివేయు అధికారము చట్టసభకు ఉండవలెను. నిలిపివేసినపుడు కారణము చెప్పవలెను. అప్పుడు రాబడి అవసరమైనచో ప్రభుత్వము బాహాటముగా అడుగును, ప్రజలు తెలిసి ఇత్తురు.

సభ్యులు చేయదగిన పనులు

1. గ్రామములో స్థలము, భూమి కలవారు కొనుగోలు దస్తావేజును, ఇల్లు కట్టిన ఖర్చు రశీదులను భద్రపరచునట్లు చెప్పవలెను. 2001 ఏప్రిల్ 1కి ముందు సంక్రమించిన ఆస్తికి ఆ తేదీ నాటి విలువను, స్టాంపు శాఖ విలువకు మించకుండ, లెక్కలోనికి తీసికొనవచ్చును.

2. ఉద్యోగులు, పింఛనుదారులు ఏటేట రెండు విధానములలోను లెక్క వేసి చూచుకొని, మేలైన దానిని ఎన్నుకొనునట్లు సలహా ఈయవలెను. 1961 నాటి చట్టము స్థానములో 2025లో ఆమోదింపబడిన కొత్త ఆదాయపు పన్ను చట్టమునకు 2026 ఏప్రిల్ 1 అమలు తేదీ. సెక్షన్ల సంఖ్యలు మారినవి గనుక పాత పుస్తకములపై ఆధారపడరాదు.

3. ఇంటి పన్ను సవరణను గ్రామసభలో చర్చకు పెట్టి, పెంపు ఎందుకో, ఆ సొమ్ము దేనికి ఖర్చగునో చదివి వినిపింపవలెను.

4. రాజ్యాంగము ప్రకారము ఐదేండ్లకొకమారు ఏర్పడు రాష్ట్ర ఆర్థిక సంఘమునకు పంచాయతీలు తమ అభిప్రాయములను వ్రాసి పంపవచ్చును. స్థిరమైన రూపాయల పన్నులు ఎట్లు కరిగినవో బస్తాల లెక్కతో చూపినచో ఆ వినతికి బలము చేకూరును.

పన్ను చెల్లించుట పౌరధర్మము. పన్ను సమముగా ఉండుట పౌరుని హక్కు. తూకపు రాయి తరిగినచో తూకము తప్పును. మార్కెట్టుకు ధాన్యము తెచ్చిన రైతు కాటాను సరిచూచుకొనకుండ బస్తాలు దింపడు. పన్ను చట్టములోని రూపాయల గీతలను కూడ అంతటి శ్రద్ధతో ఏటేట సరిచూచుకొనుట గ్రామ ప్రతినిధుల కర్తవ్యము.